త్సురుమాచిలో కురొకి గారి ఇల్లు

ఒసాకా, అబెనో
ఏప్రిల్ 18, 1993

పిన్నికి,

వాతావరణం గురించి నాలుగు వాక్యాలు రాయకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని మాకు బళ్లో నేర్పారు. నువ్వెలాగూ అవి చదవకుండా దాటేస్తావు కాబట్టి నేనూ దాటేశాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉందో రాయి. అబద్ధం మాత్రం రాయకు.

ఉద్యోగంలో చేరి పద్దెనిమిది రోజులైంది. మెడలో అట్ట, అట్ట మీద పోయినేడాది మ్యాపు, చేతిలో ఎర్ర పెన్సిలు. ప్రతి గుమ్మం ముందూ ఆగి పేరు పలక చదవడం, మ్యాపులో అదే పేరుంటే ముందుకు నడవడం, మారితే కొట్టేసి కొత్తది ఎర్రగా రాయడం. నువ్వు ఇరవయ్యేడేళ్లు చేసిన పనే. అచ్చం మీ మేనత్తలాగే నడుస్తున్నావే అని నిషివాకి గారు మెచ్చుకున్నారు. మేనగోడల్ని కాదండీ, ఆవిడ అక్క కూతుర్ని అని దిద్దాను. సూపర్వైజరుకే తప్పులు దిద్దుతున్నావా అని గదంతా నవ్వింది.

నిన్న మా వీధి చివర టోఫూ కొట్టు ముసలమ్మ పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు? పన్నులవాళ్లా?"

"కాదండీ, ఇళ్ల మ్యాపు వాళ్లం."

"అట్లాగా! అయితే మా ఇల్లు కాస్త పెద్దదిగా గియ్యి. పక్కింటిది చూసి ఏడవాలి."

పోతూ పోతూ నా జేబులో రెండు చక్కెర బిళ్లలు పడేసింది. ఈ ఊళ్లో ఆడవాళ్లకి ఇదేం అలవాటో, సాయంత్రానికి నా జేబులు బరువెక్కి నడవలేకపోతున్నాను.

సరే, అసలు సంగతి. బ్యాంకు కౌంటరులో నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం వదిలేసి, కాళ్లరిగేలా తిరిగే ఈ పనిలో ఎందుకు చేరావని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా. అమ్మని వెతకడానికి.

నవ్వకు. అమ్మ వెళ్లిపోయినప్పుడు నాకు ఆరేళ్లు. ఇప్పుడు ఇరవై ఎనిమిది. మునిసిపల్ ఆఫీసు కాగితాల్లో ఆవిడ అడ్రసు ఇప్పటికీ కిషివాదాలో నాన్న ఇల్లే, మార్చుకోనేలేదు. కానీ ఎక్కడున్నా మనిషికి ఒక గుమ్మం ఉంటుంది కదా? గుమ్మానికి పలక ఉంటుంది. పెట్టుకుంటే మీ పుట్టింటి పేరే పెట్టుకుంటుంది. ఇసొబె అనే పేరు ఈ ఊళ్లో అంత ఎక్కువేం కాదు. ఊళ్లో ఉన్న గుమ్మాలన్నీ మా కళ్ల ముందు నుంచే పోవాలి. ఏదో ఒకనాడు ఒక గుమ్మం మీద ఇసొబె ఫుమి అని చదువుతాను. చదివి తీరతాను.

సనాయె

*

తన్నొవా
ఏప్రిల్ 26

సనాయే,

మోకాలు బాగానే ఉంది. అబద్ధం. మెట్లు దిగేటప్పుడు పక్కింటాయన కుక్క జాలిగా చూస్తోంది.

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న ఉల్లినారు అక్కడే పారేశాను. వెతకడానికట! ఒసే పిల్లా, మ్యాపు చేసేవాళ్లకి ఒకే ఒక్క నియమం ఉంది. గుమ్మం ముందు నీ పని పలకతో, మనిషితో కాదు. పలక మీద ఏముంటే అది రాసుకో, నమస్కారం పెట్టు, పక్క గుమ్మానికి పో. సొంత పని పెట్టుకుని తలుపులు కొట్టేదానివైతే ఇవాళే అట్ట దించేసి ఇంటికి రా.

ఇంకో సంగతి. ఆ మ్యాపుల్లో మనుషుల్ని వెతికే పిచ్చి మీ వంశంలో నీతో మొదలు కాలేదు. మీ నాన్న ఏటా కొత్త మ్యాపు రాగానే లైబ్రరీలో కూర్చుని వేలు పెట్టి వరసగా చదివేవాడు. తాగకుండా ఉన్న రోజున. ఆయన ఎందుకు వెతికాడో, దొరికితే ఏం చేసేవాడో నీకు చెప్పక్కర్లేదు. మీ అమ్మ ముంజేయి అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది.

రావాలనుకుంటే మీ అమ్మే వస్తుంది. నువ్వు పని నేర్చుకో. పొద్దున పది లోపల తలుపులు కొట్టకు, అంట్ల మధ్య ఉంటారు, విసుక్కుంటారు. ఉత్తరాల డబ్బా మీద పేరు నమ్మకు, అది పాత అద్దెవాడిది అయి ఉంటుంది. వానలో పెన్సిలు రాయదు, ప్లాస్టిక్ కవరు దగ్గర పెట్టుకో. నీకు తెన్నోజి, సుమియోషి వైపు పేజీలిమ్మని నిషివాకికి చెప్పాను. తైషో వద్దన్నాను. అక్కడ కాలవలు ఎక్కువ, పడవ కోసం నిలబడేసరికే సగం రోజు పోతుంది.

ఆ వెతుకులాట మాత్రం మానెయ్.

పిన్ని

*

ఒసాకా, అబెనో
జూన్ 27

పిన్నికి,

మాననంటే మానను. కోపమొస్తే రా, వచ్చి తిట్టు, నీకిష్టమైన నూడుల్స్ పెట్టిస్తాను.

ఈ ఏడాది వానాకాలం పోయేట్టు లేదు. రెండు జతల బూట్లు ఆరబెట్టుకుంటూ మూడో జతలో తిరుగుతున్నాను. తెన్నోజి అయిపోయింది. ఇకునోలో పదిహేను రోజులున్నాను. అక్కడ ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందులు, ప్రతి ఇంట్లోంచీ చెప్పులు కుట్టే మిషన్ల చప్పుడు, వెల్లుల్లి, మిరపకారం వాసన. కొరియా వాళ్ల ఇళ్లకి రెండేసి పలకలు, బయటివాళ్ల కోసం ఒకటి, సొంతానికి ఒకటి. ఏది రాయనండీ అని ఒకాయన్ని అడిగితే, "పోస్టు మాస్టరుకి పైది, చుట్టాలకి కిందిది. నువ్వెవరివో నువ్వే తేల్చుకో" అన్నాడు. రెండూ రాశాను. నిషివాకి గారు గొణిగి ఊరుకున్నారు.

తెంగచాయాలో ఒక గుమ్మానికి ముగ్గురు మగవాళ్ల పేర్లున్నాయి. తలుపు తీసింది తొంభై ఏళ్ల ముసలమ్మ, ఒక్కతే. "ముగ్గురూ ఉన్నారా అండీ?" అన్నాను. "ముగ్గురూ పోయారు. పలకలకి తెలియదుగా. దొంగలకీ తెలియదు" అంది. కడుపుబ్బ నవ్వాను.

ఇంక అసలు విషయం. పోయిన మంగళవారం తూర్పు సుమియోషిలో ఒక సందు మలుపు తిరిగేసరికి, ఎదురుగా ఇసొబె అని చెక్కిన పలక. నీ నియమం గుర్తొచ్చింది. తలుపు కొట్టేశాను.

తీసింది ఒక ముసలాయన, బనీనుతో. ఇక్కడ ఫుమి అనే ఆవిడ ఉన్నారా అని అడిగాను.

"ఫుమియా? ఉంది, రా" అని లోపలికి తీసుకుపోయాడు. నేను బూట్లు కూడా సరిగా విప్పలేదు. లోపల కిటికీలో పిల్లి పడుకుని ఉంది. "ఇదే ఫుమి. పదహారేళ్లు. చెవుడు. నీకెలా తెలుసు?"

ఆ ముసలాయన ముందే కూలబడి ఏడ్చాను పిన్నీ. పాపం ఆయన కంగారుపడి పిల్లిని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. గంటసేపు కూర్చున్నాను. ఆయన భార్య పోయి ఏడాదైందట, మాట్లాడడానికి ఎవరూ లేరట. లేచి వచ్చేటప్పుడు పేజీలో ఏమీ మార్చనక్కర్లేదు కదా అని అడిగాడు. అక్కర్లేదని చెప్పాను.

ఇప్పటికి నలుగురు ఇసొబెలు అయ్యారు. అమ్మ లేదు. అయినా ఇంకా సగం ఊరు మిగిలే ఉంది.

సనాయె

*

తన్నొవా
జూలై 9

సనాయే,

మన వైపు నీళ్ల వంకాయలు తవుడులో ఊరేసి డబ్బాలో పంపుతున్నాను. అందిన రోజే తిను. కత్తితో కొయ్యకు, చేత్తో చీల్చు. కత్తి తగిలితే రుచి చచ్చిపోతుంది.

పిల్లి సంగతి చదివి నవ్వాను. తర్వాత నవ్వలేదు.

నేనొకటి అడుగుతాను, సూటిగా జవాబు చెప్పు. మీ నాయనమ్మ పోయాక పదమూడేళ్లప్పుడు నిన్ను నా ఇంటికి తెచ్చుకున్నాను. నీకు జ్వరమొస్తే ఎవరు కూర్చున్నారు? పరీక్ష తప్పి వీధిలో తిరుగుతుంటే ఎవరు వెతికి పట్టుకొచ్చారు? పెళ్లి చేసుకోకుండా ఎందుకుండిపోయావని జనం అడిగితే, నాకు పిల్ల ఉంది, ఇంకా మొగుడెందుకని ఎవరు చెప్పారు? ఈ పదిహేనేళ్లూ నీకు చాల్లేదా?

రాయకూడదనే అనుకున్నాను. రాశాను. చింపెయ్యను. చదువుకో.

పిన్ని

*

ఒసాకా, అబెనో
ఆగస్టు 21

పిన్నికి,

నెలన్నర నుంచి జవాబు రాయలేదు. ఆరుసార్లు మొదలుపెట్టి ఆరుసార్లు చింపాను. నీలాగా చింపకుండా పంపే ధైర్యం నాకు లేదు.

నువ్వు చాలలేదని కాదు. చాలా ఎక్కువే. కడుపు నిండా అన్నం పెట్టిన మనిషికి, నాకింకా ఆకలిగా ఉందని చెబితే ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఇది ఆకలి కాదు. నాకు ఒక్క ప్రశ్న ఉంది, అది ఆవిడనే అడగాలి. నన్ను ఎందుకు వదిలి వెళ్లింది? నీకు తెలిస్తే నువ్వే చెప్పేదానివి. అంతే. అడిగాక నీ ఇంటికే వస్తాను, ఇంకెక్కడికి పోతాను?

వంకాయలు చేత్తోనే చీల్చాను. పక్క గది అమ్మాయి సగం లాక్కుంది.

నిషివాకి గారికి నువ్వు చెప్పిన మాట దక్కలేదు. తైషో చేసే ముకాయి గారు కాలవగట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నారు. ఆయన పేజీలు నాకిచ్చారు. పడవలంటే నన్ను భయపెట్టావు గానీ నాకవే నచ్చాయి. సైకిళ్లతో సహా ఎక్కేసి, రెండు నిమిషాల్లో అవతలి గట్టు. పడవాయన టోపీ తీసి అందరికీ వంగి దణ్ణం పెడతాడు. ఒకినావా వాళ్ల పాటలు, పంది ఎముకల పులుసు, ఇనుము కోసే చప్పుడు. ఎండ కాస్తే ఇంకా బాగుండేది. ఆగస్టు అయిపోతున్నా ఎండ లేదు, వరి గింజ పట్టడం లేదని టీవీలో రోజూ ఏడుపే.

అక్కడే త్సురుమాచిలో ఒక తమాషా జరిగింది, విను. కాలవ పక్కన వరసిళ్లున్నాయి కదా, చివరి దాని పలక మీద కురొకి అని ఉంది. మ్యాపులోనూ అదే. ముందుకి పోవలసిందే. కానీ కుండపోతగా వాన, ఆ ఇంటి చూరు కింద నిలబడ్డాను. లోపల్నుంచి, "ఎవరు?"

"మ్యాపు కంపెనీ నుంచండీ. కురొకి అని ఉంది, అలాగే ఉంచమంటారా?"

గొలుసు తీయకుండా తలుపు నాలుగు వేళ్లంత తెరిచింది ఒకావిడ. జుట్టు నెరిసింది. నా బ్యాడ్జీ చూసిందో లేదో, ధడేల్మని మూసేసింది! ఏం తప్పు చేశానా అని నిలబడి ఉంటే మళ్లీ నాలుగు వేళ్లంత తెరుచుకుంది. "తడిసిపోయావు" అంటూ సందులోంచి తువ్వాలు అందించింది. తర్వాత బార్లీ టీ. గ్లాసు ఆ సందులో పట్టదు. అందుకని చిన్న కప్పులో పోసి ఇచ్చింది, ఖాళీ చేసి ఇస్తే మళ్లీ పోసింది, మళ్లీ ఇచ్చింది. మూడుసార్లు. గొలుసు తీస్తే ఒక్కసారితో అయిపోయేది కదా!

"వేళకి తింటున్నావా?"

"తింటున్నానండీ."

"ఒక్కదానివే ఉంటున్నావా?"

"అబెనోలో గది తీసుకున్నానండీ. కురొకి గారు ఇంట్లో ఉన్నారా?"

"పడుకున్నారు. గట్టిగా మాట్లాడకు."

వాన తగ్గింది, తువ్వాలు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో" అంది. రెండిళ్లు దాటి వెనక్కి చూస్తే ఆ సందు ఇంకా అలాగే ఉంది. ఇదేం మనిషి పిన్నీ! లోపలికి రమ్మనదు, పొమ్మనదు. ఇలాంటివాళ్లు ఈ ఊళ్లో వీధికిద్దరు. ఆ పేజీలో ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు, అన్నీ పోయినేడాదివే. నిషివాకి గారు భేష్ అన్నారు.

సనాయె

*

తన్నొవా
ఆగస్టు 25

సనాయే,

కూర్చుని చదువు.

ఆ ఇంట్లో కురొకి అనేవాడు ఎవడూ లేడు. ఎప్పుడూ లేడు. నీకు మూడు కప్పుల టీ పోసింది మీ అమ్మ.

ఐదారు రోజుల నుంచి ఈ మాటలు ఎలా రాయాలా అని తల పగలగొట్టుకుంటున్నాను. నువ్వు ఆ గుమ్మం దాటి వెళ్లిన అరగంటకే మీ అమ్మ నాకు ఫోను చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. నీ ఉత్తరం తర్వాత చేరింది.

మొదటి నుంచీ చెబుతాను. డెబ్భై ఒకటిలో మీ నాన్న చెయ్యి విరగ్గొట్టిన మర్నాడు మీ అమ్మ నా దగ్గరికి వచ్చింది. నిన్ను తెచ్చుకుందామని తను మళ్లీ వెళితే మీ నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, పిల్లని తీసుకుపోతే వాడు ఇద్దర్నీ చంపుతాడంది. ఉత్తమాట కాదు, ఆ ముసలావిడకి కొడుకు సంగతి మనకంటే ఎక్కువ తెలుసు. పిల్లని నేను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను, నువ్వు ముందు ప్రాణం దక్కించుకో అంది. చూసుకుంది కూడా, పాపం.

మీ అమ్మని తైషోలో ఆ వరసింట్లో నేనే పెట్టాను. రేవు దగ్గర కాంటీన్లో పని దొరికింది. కానీ మీ నాన్న ఏటా మ్యాపు చూస్తున్నాడని తెలిసింది. ఇసొబె అని పలక పెడితే, అచ్చేసి ఆయన చేతికి ఇచ్చేది నా కంపెనీయే. ఒంటరి ఆడది మగపేరు తగిలించుకోవడం ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. కురొకి అని పలక రాసింది నేను. ఇరవై ఒక్క ఏడాది మ్యాపుల్లో ఆ అబద్ధాన్ని అచ్చుకి పంపింది నేను. పక్కవాడు ఒక్క గీత తప్పు రాస్తే చెవులు మెలిపెట్టిన దాన్ని. ఆ పేజీ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. మోకాలు చెడి మానేశాక ముకాయికి వెళ్లింది. ముకాయి పలకకు మించి చూసేవాడు కాదు, నిశ్చింతగా ఉన్నాను.

నువ్వూ పలక చదివి మనిషిని వదిలేశావు. తప్పు నీది కాదు. అలా చెయ్యమని నేర్పిందే నేను.

ఇంక కష్టమైన ముక్క. మీ నాన్న పోయి రెండేళ్లయింది. ఇంకా ఎందుకు దాచావని అడుగుతావు. చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది, నిన్ను చూడడానికి తనకి మొహం చెల్లదంది. అది నిజమే. కానీ నేను ఒట్లకి భయపడే మనిషినా? భయపడింది వేరే దానికి. అమ్మ దొరికితే పిన్నితో పనేముంది నీకు? దొంగతనం చేసినట్టు నిన్ను దాచుకున్నాను. ఇదీ నిజం.

ఆ పేజీ సెప్టెంబరు ఇరవయ్యేడున అచ్చుకి పోతుంది. వెళతావో మానతావో నీ ఇష్టం.

పిన్ని

*

ఒసాకా, అబెనో
సెప్టెంబరు 3

గౌరవనీయులైన ఇసొబె తొమికో గారికి,

శరదృతువు ప్రవేశించి, ఉదయపు గాలి చల్లబడుతున్న ఈ తరుణంలో తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరి ఉత్తరం అందినది. అందులోని విషయాలు తెలుసుకున్నాను. ఇన్నేళ్లుగా నా పట్ల తమరు చూపిన శ్రద్ధకు కృతజ్ఞురాలిని. సదరు ఇంటికి వెళ్లే విషయమై ప్రస్తుతం ఏ నిర్ణయమూ తీసుకోలేదు. తీసుకున్నచో తెలియజేయగలను.

ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోగలరు.

హిడకా సనాయె

*

తన్నొవా
సెప్టెంబరు 7

సనాయే,

వాతావరణం గురించి రాశావు. ఆ వాక్యం చదివి అక్కడే ఆగిపోయాను. గారు అనే బదులు నోటికొచ్చినట్టు తిట్టి ఉంటే ఈ పూట అన్నం సహించేది.

నిన్ను బతిమాలను. బతిమాలే హక్కు పోగొట్టుకున్నాను. పనికొచ్చే ముక్క ఒకటే చెబుతాను. మీ అమ్మకి గురువారం సెలవు. తలుపు కొట్టి పేరు చెబితే తీయదు, భయం. పని మీద వచ్చినట్టు మాట్లాడితే జవాబిస్తుంది.

నేను పక్కకి తప్పుకుంటున్నాను.

తొమికో

*

ఒసాకా, అబెనో
సెప్టెంబరు 17

పిన్నికి,

తొమికో ఎవరు? నాకు తెలిసినవాళ్లలో ఆ పేరుతో సంతకం పెట్టేవాళ్లెవరూ లేరు.

నిన్న గురువారం. వెళ్లాను.

కోపం తగ్గి వెళ్లలేదు. కోపంతోనే వెళ్లాను. పడవలో నిలబడి ఏమేం అడగాలో వరసగా అనుకున్నాను. గుమ్మం ముందుకు వచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు. అట్ట సర్దుకుని తలుపు కొట్టాను.

"మ్యాపు కంపెనీ నుంచండీ. మీ ఇంటి విషయంలో మా వల్ల తప్పు దొర్లింది. దిద్దుకుందామని వచ్చాను."

మనిషి తలుపు వెనకే ఉంది, చెప్పుల రాపిడి వినిపించింది.

"ఇక్కడ కురొకి గారు లేరని తెలిసింది. ఎవరుంటున్నారో చెబితే రాసుకుని పోతాను."

లోపల్నుంచే, "ఎవరూ లేరు" అంది.

"ఎవరూ లేకపోతే ఖాళీ ఇల్లని రాయాలండీ. ఖాళీ ఇల్లని అచ్చయితే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి పడగొట్టేస్తారు."

అది నేను అప్పటికప్పుడు కల్పించిందే. నిషివాకి గారితో చెప్పకు. తలుపు వెనక నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. గొలుసు జారిన చప్పుడు తర్వాత వచ్చింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

అమ్మ నాకంటే పొట్టి, పిన్నీ. నా జ్ఞాపకంలో ఎంత పొడుగో!

ఆ రోజు ధడేల్మని తలుపెందుకు వేసిందో చెప్పింది. ముఖం చూడకముందే బ్యాడ్జీ మీద నాన్న ఇంటిపేరు, హిడకా అని కనిపించిందట. "ఆ పేరు చదవగానే నా కాళ్లు పారిపోదామన్నాయి. ముఖం చూసేసరికి నిలబడిపోయాయి. అందుకే మళ్లీ తీశా" అంది.

"నాన్న పోయి రెండేళ్లయిందిగా, ఇంకా గొలుసెందుకు?" అన్నాను.

"ఆయన కోసం కాదు. నువ్వొచ్చి, నన్నెందుకు వదిలేశావని అడుగుతావని."

"అడుగుతున్నాను" అన్నాను.

చెప్పింది. నువ్వు రాసిందే, కానీ తన నోటితో, చివరిదాకా, నా ముఖంలోకి చూస్తూ. మధ్యలో నేను అరిచాను కూడా. అదంతా ఇక్కడ రాయను, అది మా ఇద్దరిదీ. కోపం మొత్తం పోయిందని అబద్ధం చెప్పను. కానీ ఇరవై రెండేళ్లు మోసిన ప్రశ్నకి జవాబు దొరికింది, వచ్చేటప్పుడు ఒళ్లు తేలికైంది.

పలక ఏం చేద్దామని అడిగాను. "పాపం కురొకి గారు! ఇన్నేళ్లు కాపురం చేశాను, ఒక్కనాడూ చెయ్యెత్తలేదు, ఒక్కనాడూ తాగి రాలేదు. ఉన్నపళంగా ఎలా వెళ్లగొట్టనే?" అంది. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. పక్కింటావిడ గోడ మీద కొట్టింది. తర్వాత తనే బల్ల ఎక్కి పలక ఊడదీసింది. ఎదురింటి వడ్రంగి కొత్త చెక్క నున్నగా చేసి ఇచ్చాడు. నన్ను రాయమంటే కుదరదన్నాను, నా చేతిరాత సంగతి నీకు తెలుసు. నువ్వు వచ్చి రాయాలి. ఇసొబె అని. నీ ఇంటిపేరు కూడా అదే, అలవాటైన చెయ్యి.

ఇప్పుడు నీతో గొడవ. నీ ఉత్తరంలో తప్పులన్నీ ఒప్పుకున్నావు, దొంగతనమన్నావు, భయమన్నావు. ఒక్కటి మాత్రం రాయలేదు.

లోపలి గదిలో గోడ నిండా నేనే ఉన్నాను. ఏడేళ్ల నేను బడి సంచీతో, ఊడిన పన్నుతో. పదమూడేళ్ల నేను నీ ఇంటి మెట్ల మీద. పరీక్ష తప్పిన ఏడాది, మొదటి జీతం రోజు, అట్ట వేసుకుని ఈ ఏప్రిల్లో. ఇరవై రెండు ఫోటోలు, ఏడాదికొకటి, ఒక్కదాని వెనకాల కూడా తేదీ తప్పలేదు. అన్నీ నువ్వే తీసినవి, వెనక రాతా నీదే. ఏటా మ్యాపు పని మీద వచ్చి ఒకటి ఇచ్చి వెళ్లేదానివట, నడవలేకపోయిన ఈ ఏడాది పోస్టులో పంపావట. నిన్ను ఇక పిన్నీ అని పిలవకూడదని నేను పళ్లు నూరుకుంటున్న రోజుల్లోనైనా ఈ ముక్క నాకు రాస్తే నీ సొమ్మేం పోయేది?

అమ్మ ఒక్కొక్క ఫోటో కింద వేలు పెట్టి, ఆ ఏడాది నాకేం జబ్బు చేసిందో, ఏ మాస్టారు తిట్టాడో నాకే చెప్పింది. చివరికి ఒకటి అడిగింది. "అన్నిట్లోనూ నవ్వుతున్నావే! అమ్మ లేని పిల్లని ఏటా ఏం చెప్పి నవ్వించేది మీ పిన్ని?"

అది పిన్ని నోటితోనే విను అన్నాను.

ఆదివారం పొద్దున పదింటికి పడవ రేవు దగ్గర నిలబడి ఉంటాను. మోకాలని సాకు చెప్పకు, వీపు మీద మోసుకుపోతాను. వచ్చి నువ్వే చెప్పు.

సనాయె